ఉప్పుకు లొంగని బొడ్డు

మల్లాపూర్‌లో ముత్తవ్వ మెచ్చిన మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినా, బొడ్డు ఊడే లోపలే ఆమె ఆ పిల్లలో ఏదో ఒక వంక పట్టి ఉండేది. బడిలో సార్లకు లెక్కలు రావు, బస్సు కండక్టరుకు మర్యాద రాదు, కోడలికి పప్పు చేయడం రాదు. సర్పంచ్ ఎదురొస్తే, "వానికి ముక్కు తుడుసుకొనుడు నేర్పిందే నేను" అని వినపడేటట్టే అనేది. అరవై అయిదేళ్లుగా ఊరంతా ఆమె నోట్లో పడి నలిగింది. పడి లేచినవాళ్లు కొందరు, లేవనివాళ్లు కొందరు.

అయినా ఆమె గడప తొక్కక ఎవరికీ తప్పేది కాదు. పసిపిల్లల బొడ్డు వైద్యం ఆమె చేతిలో ఉండేది మరి. బొడ్డుతాడు ఊడిపోయాక కొందరు పిల్లలకు అక్కడ దానిమ్మ గింజంత ఎర్రటి కండ మొలుస్తుంది. ఎప్పుడు చూసినా తడిగా ఉంటుంది, రసి కారుతుంది. ముత్తవ్వ చిటికెడు మెత్తటి ఉప్పు దాని మీద వేసి, గుడ్డ కప్పి, కాసేపు ఉంచి, గోరువెచ్చటి నీళ్లతో కడిగేది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. అయిదారు రోజుల్లో కండ ముడుచుకుని, ఎండి రాలిపోయేది. బుగ్గారం నుంచీ, వెల్గటూర్ నుంచీ కూడా తల్లులు పిల్లలను ఎత్తుకుని వచ్చేవారు. వచ్చిన ప్రతి తల్లినీ, పిల్లను ఎత్తుకోవడం రాదనో, తలకు నూనె పెట్టలేదనో నాలుగు తిట్టి మరీ ఉప్పు వేసేది. ముత్తవ్వను తిట్టవలసిన చోట్లు ముందు చాలా వస్తాయి గానీ, ఉప్పు మాత్రం అందులో లేదు. అది మంచి మందే.

ఉప్పుకు లొంగని కండ వస్తేనే చిక్కు. అప్పుడు ఆమె గుర్రం వెంట్రుక తీసేది. కోరుట్లలో పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పే బుర్హానుద్దీన్‌ను అడిగి, తోక వెంట్రుకలు తెచ్చి పెట్టుకునేది. కండ మొదట్లో వెంట్రుక చుట్టి బిగించి ముడి వేస్తే, రక్తం ఆడక రెండు మూడు రోజుల్లో అది నల్లబడి ఊడిపోతుందని ఆమె నమ్మకం. పులిపిరికి అందరూ చేసే పనే అది. పసిపిల్ల బొడ్డుకు చేసే తెగువ ముత్తవ్వ ఒక్కదానికే ఉండేది.

అలా ఆరుగురికి కట్టింది. అయిదుగురికి బాగైంది. ఆరో పిల్ల, పాలివాళ్ల కోడలు రాణి తొలిచూలు బిడ్డ. ఇరవై రెండేళ్ల కిందటి మాట. ముడి వేసిన మూడో రోజుకు ఆ పిల్ల కడుపు ఉబ్బింది, పచ్చటి పసరు కక్కింది, నాలుగో రోజు పొద్దెక్కక ముందే పోయింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముత్తవ్వ వాకిట్లో పదిమందిని నిలబెట్టి బాలింతను అడిగింది. "ఏం తిన్నవే? పత్తెం తప్పినవ్ గద? నిజం చెప్పు." ఇరవై ఏళ్ల రాణి తల వంచుకుని, "వంకాయ కూర తిన్న చిన్నత్తా" అంది. ఇంకేం కావాలి? వాతం చేసే వంకాయ తిని, చనుబాలు చెడగొట్టి, కన్నబిడ్డను చంపుకుందని ఊరు తీర్పు చెప్పేసింది. ఆ తర్వాత రాణికి ఇద్దరు కొడుకులు పుట్టి పెద్దవాళ్లయ్యారు. ఆమె ఆశా వర్కర్ అయింది, ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లనూ తూకం వేసి పుస్తకంలో రాస్తోంది. అయినా ముత్తవ్వ నోట ఆమె వంకాయ రాణే.

ఇప్పుడు ముత్తవ్వ మనుమడి బొడ్డులోనే కండ మొలిచింది.

కొడుకు శ్రీశైలం సిరిసిల్లలో మరమగ్గాల బట్ట మోసే ట్రాలీ ఆటో నడుపుతాడు. కోడలు దీప పుట్టిల్లు కూడా అక్కడే, పురుడూ అక్కడే పోశారు. ఇరవై ఒకటో రోజు వెళ్లాక తల్లినీ పిల్లనూ మల్లాపూర్ తెచ్చారు. గుడ్డ విప్పి బొడ్డు చూడగానే ముత్తవ్వ పెదవి విరిచింది. "సిరిసిల్లోళ్లకు బట్ట నేసుడు అస్తది గనీ, బొడ్డు కోసుడు అస్తదా?" అంది. ఆ రోజే ఉప్పు మొదలు పెట్టింది.

పన్నెండు రోజులు వేసింది. కండ ఆవగింజంత కూడా తగ్గలేదు. పైగా దాని నడుమ నుంచి పచ్చటి నీళ్లు ఊరి, గుడ్డ తడిసి, పిల్ల విరేచనం వాసన కొట్టేది. ఆ వాసన ముత్తవ్వ ముక్కుకు తగిలింది. తగిలినా, తన ఉప్పులో తప్పు వెతకడం ఆమెకు అలవాటు లేదు. దీప కంచంలో వెతికింది. అన్నంలో ఏం కలుపుకుంటోంది, ఎన్ని ముద్దలు తింటోంది, వంటింట్లో మూత పెట్టిన గిన్నెలో ఏముంది అని రోజుకు నాలుగుసార్లు చూసేది.

దీప అత్తకు చెప్పకుండా పిల్లవాణ్ణి కరుణాకర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన జగిత్యాలలో నాలుగేళ్లు కాంపౌండరుగా ఉండి వచ్చి, మల్లాపూర్‌లో డాక్టరని బోర్డు పెట్టుకున్నవాడు. లోపల ఏముందో చూడాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు. నల్లటి మందు పుల్ల ఒకటి తీసి కండను కాల్చాడు. రెండు రోజులకొకసారి చొప్పున మూడుసార్లు కాల్చాడు. కాల్చినప్పుడల్లా నల్లబడేది, మర్నాటికి మళ్లీ ఎర్రగా, తడిగా తేలేది. చుట్టూ చర్మం మాత్రం కమిలిపోయింది.

"ఉప్పుకు పోనిది నిప్పుకు పోతదా?" అంది ముత్తవ్వ సంగతి తెలిసి. "వాడు జగిత్యాలల నేర్సుకున్నది బోర్డు రాసుకొనుడే." ఈ ఒక్క మాటలో ఆమెను తప్పు పట్టడానికి లేదు.

నలభై రెండో రోజు రాణి తూకం వేయడానికి వచ్చింది. పిల్లవాణ్ణి జోలెలో వేలాడదీసి, బరువు పెరగలేదని రాసుకుంది. బొడ్డు మీది గుడ్డ తీసి వాసన చూసింది. గుడ్డ మళ్లీ మెల్లగా కప్పింది.

"చిన్నత్తా, ఇది ఉప్పుతోని పొయ్యేది కాదు" అంది. "కోరుట్లల ఫర్హత్ మేడం ఉన్నది. స్కానింగ్ తీసి కండ కింద ఏమున్నదో చెప్తది."

ముత్తవ్వ నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే తిట్లు తినడం నయం. "స్కానింగా! స్కానింగ్ కడుపుతోని ఉన్నోళ్లకు తీస్తరు. నా మనుమనికి ఎన్నో నెలనే?"

"కడుపుల పిల్లను చూసే మిషినే, పిల్ల కడుపుల సుత చూస్తది. కండ పేగుకు గిట్ట కలిసిందేమో..."

"కన్నబిడ్డను కాపాడుకోలేనిదానివి, నా మనుమనికి మందు జెప్పొచ్చినవా? నీ తూకం అయింది గద, నడువ్ వంకాయ రాణి."

రాణి సామాను సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ దీపతో మాత్రం, "రేపు ఎనిమిది గంటల బస్సుకు నేను అస్త. తయారుండు" అంది. దీప సిరిసిల్లకు ఫోన్ చేసింది. శ్రీశైలం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లికి ఎదురు చెప్పాడు. "అమ్మా, రేపు పోండ్రి. ఇగ మాటల్లేవు" అని ఫోన్ పెట్టేశాడు.

పెళ్లాం చేతి చాయ్ తాగి తాగి కొడుకు నాలుకకు కోరలొచ్చాయని ముత్తవ్వ ఆ సాయంత్రమంతా సణిగింది. ఆమెను కాల్చింది కొడుకు మాట కూడా కాదు. రేపు ఆ మిషను కండ ఏమిటో చెబుతుంది, ఎవరో మందిస్తారు, తగ్గుతుంది, ముత్తవ్వ చేతకానిది వంకాయ రాణి చేసిందని ఊరు చెప్పుకుంటుంది. ఆ ఒక్కటి ఆమె మింగలేకపోయింది. మిషను ఏం చెప్పినా, ఇంకొకరి మందు పని చేసే లోపలే కండ తన ముడికి రాలిపోతే సరి అనుకుంది. మనుమడు బాగుండాలని ఆమెకు లేకపోలేదు. తన చేత్తో బాగుండాలి, అదీ ఆమె కోరిక.

పిల్లవాడికి స్నానం పోసే హక్కు ఆ ఇంట్లో ముత్తవ్వది. తెల్లవారి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. తుడిచింది. గుర్రం వెంట్రుక కండ మొదట్లో రెండు చుట్లు చుట్టి, బిగించి ముడి వేసింది. పిల్లవాడు ఊపిరి బిగబట్టి, నీలంగా మారి, అప్పుడు అరిచాడు.

"ఏమైంది అత్తమ్మా?" లోపలి నుంచి దీప పరుగెత్తుకొచ్చింది.

"ఏం కాలే. కండ్లల్ల సబ్బు పడ్డది." అప్పటికే పొట్ట మీద గుడ్డ చుట్టేసింది. "నేను సుత అస్త కోరుట్లకు. ఆ మిషినేందో, దాని కథేందో చూస్త."

బస్సులో పిల్లవాడు ఏడుపు ఆపలేదు. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, రొమ్ము నోట పెడితే తల తిప్పుకుని, గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చాడు. "తల్లి కాడ పాలుంటే పిల్ల ఎందుకు ఏడుస్తది?" అంది ముత్తవ్వ పక్కవాళ్లకు వినబడేలా. దీప కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోరుట్ల ఇంకా రెండు స్టేజీలు ఉందనగా పిల్లవాడు కక్కాడు. మొదట పాలు. ఆ వెంటనే పచ్చటి పసరు.

ముందు సీట్లో ఉన్న రాణి వెనక్కి తిరిగి, దీప కొంగు మీది ఆ పచ్చ మరకను చూసింది. కదులుతున్న బస్సులో లేచి నిలబడింది. ఆ రంగు ఆమె తన ఒళ్లో ఒకసారి చూసింది.

ముత్తవ్వ కూడా చూసింది. చూసి, కిటికీలోంచి బయటికి తల తిప్పుకుంది. భయమేసింది ఆమెకు. గుడ్డ విప్పి ముడి కోసేయడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అలా చేస్తే కట్టినట్టు ఒప్పుకోవాలి, అదీ రాణి ముందు ఒప్పుకోవాలి. నోరు మూసుకుని కూర్చుంది. పంతం ముందు పసివాడి ప్రాణం కూడా చులకనైపోయింది ఆ మనిషికి.

స్కానింగ్ సెంటర్‌లో గర్భిణులు బెంచీల నిండా ఉన్నారు. చీటీలు రాసే అమ్మాయి సుమయ్యా తల ఎత్తకుండానే దీపను, "ఎన్నో నెల?" అని అడిగింది. రాణి పిల్లవాణ్ణి దీప చేతుల్లోంచి తీసుకుని, వరసలో ఉన్నవాళ్లను తోసుకుంటూ, తలుపు తెరుచుకుని నేరుగా లోపలికి వెళ్లింది. వెనకే దీప, ఆ వెనక ముత్తవ్వ.

డాక్టర్ ఫర్హత్ నలభై ఏళ్ల బక్కపలచని మనిషి. "మేడం, పసరు కక్కిండు" అని రాణి అన్న ఒక్క మాటకే టేబుల్ మీదున్న పేషెంటును లేపి, పిల్లవాణ్ణి పడుకోబెట్టమంది. పొట్ట మీది గుడ్డ విప్పింది. కండ నల్లగా కమిలి, ఉబ్బి ఉంది. మొదట్లో వెంట్రుక చర్మంలోకి కోసుకుపోయి, ముడి మాత్రం బయటికి కనిపిస్తోంది.

దీప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు సన్నటి కత్తెర తీసి, వేలి కొనతో వెంట్రుకను పైకి లేపి, కత్తిరించింది. గర్భిణులకు వాడే పెద్ద పరికరాన్ని పక్కన పెట్టి, చదునుగా, వేలెడంత ఉన్న చిన్నదాన్ని తీసుకుంది. జిగురు మందు చేతిలో కాస్త వెచ్చబరిచి బొడ్డు మీద కుప్పగా పోసింది. ఒత్తకుండా, తగిలీ తగలనట్టు దాన్ని ఆ మందు మీద ఆనించింది.

"గట్టిగ ఒత్తితే లోపలి దారి మూసుకపోతది, ఏం కనవడది" అంది దీపతో. "ఇగో, చూడు."

తెర మీద ముత్తవ్వకు మొదట బూడిద రంగు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత కనిపించింది. కండ కింద నుంచి లోపలికి ఒక సన్నటి గొట్టం దిగుతోంది. దిగి దిగి, మెలికలు తిరుగుతున్న మరో పెద్ద గొట్టంలో కలిసింది. పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా ఆ దారిలో తెల్లటి గాలి బుడగలు పైకీ కిందికీ పరుగెత్తుతున్నాయి.

"గా పెద్దది పేగు" అంది డాక్టరు. "తల్లి కడుపుల ఉన్నప్పుడు బొడ్డుకూ పేగుకూ నడుమ తొవ్వ ఉంటది. పుట్టే లోపల అది మూసుకపోవాలె. వీనికి మూసుకపోలే. పైపై కండ అయితే ఉప్పు పెట్టినా పోతది, ఉప్పు మంచిదే. పోలేదంటే అది కండ కాదని తెలుసుకోవాలె, లోపల చూపియ్యాలె. ఇది పేగు మూతి. దీనికి ముడి ఏస్తే పేగుకు ఉరి ఏసినట్టే. పక్క పేగు సుత పైకి గుంజుకొచ్చింది, చూస్తున్నవా? ఇంకో పూట గట్లనే ఉంటే లోపల కుళ్లేది. మూడు దినాలల్ల కడుపు ఉబ్బి, పసరు కక్కి పొయ్యేటోడు."

కడుపు ఉబ్బి. పసరు కక్కి. మూడు దినాలు.

తలుపు దగ్గర నిలబడ్డ రాణి గోడకు చెయ్యి ఆనించుకుంది. ముత్తవ్వ ఆమె వైపు చూడలేకపోయింది.

డాక్టరు తెర మీద ఎరుపూ నీలం రంగులు తెప్పించి, ఆ పేగులో రక్తం ఆడుతోందని చూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. కరీంనగర్‌లో పిల్లలకు ఆపరేషన్లు చేసే డాక్టరుకు ఫోన్ చేసి, అంబులెన్సు పిలిపించింది. అప్పుడు కుర్చీ తిప్పి అడిగింది. "ఎవరు కట్టిండ్రు?"

దీప అత్తను చూసింది. చూసి, అత్త పేరు ఎత్తే ధైర్యం చాలక తల వంచుకుంది. "నేనే కట్టిన మేడం."

"నువ్వా? ఏం చదివినవ్?"

"డిగ్రీ."

"డిగ్రీ! చదవేస్తే ఉన్న మతి పోయినట్టున్నది. గుర్రం ఎంట్రుక కట్టేటప్పుడు చేతులెట్ల ఆడినయ్? తల్లివేనా నువ్వు? నీ అసొంటోళ్లు పిల్లల్ని ఎందుకు కంటరో నాకు సమజ్ కాదు."

ఆ తిట్లన్నీ కోడలి నెత్తిన పడుతుంటే ముత్తవ్వకు ఒక్క క్షణం హాయిగానే అనిపించింది. అంత సిగ్గులేని మనసు. పిల్లవాడు బతికాడు, తన మాట బయట పడలేదు, ఇంకేం? నోరు కదపకుండా నిలబడితే చాలు. కానీ దీప మెడ వంచిన తీరు ఆమె కంటికి ఆనింది. చేయని తప్పు ఒప్పుకున్నవాళ్ల మెడ అలాగే వంగుతుందని ఆమెకు అప్పుడు, ఇరవై రెండేళ్లు ఆలస్యంగా, తెలిసింది. వాకిట్లో పదిమంది నడుమ తాను నిలబెట్టిన పిల్ల మెడ కూడా అంతే వంగింది.

"అది కాదు మేడం" అంది ముత్తవ్వ. "నేను కట్టిన. తెల్లారి తానం పోసేటప్పుడు. దానికి ఎర్క లేదు."

డాక్టరు ఆమెను కాళ్ల దగ్గర నుంచి తల దాకా చూసింది. ఊరందరినీ ముత్తవ్వ చూసే చూపు అది. "ఇంకెంతమందికి కట్టినవ్?"

"ఆరుగురికి. గీడు ఏడోడు."

"అందరు బతికిండ్రా?"

"అయిదుగురు" అంది ముత్తవ్వ.

ఫర్హత్ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. కుర్చీ మిషను వైపు తిప్పుకుని రిపోర్టు రాయడం మొదలు పెట్టింది. ఆ గదిలో ముత్తవ్వ అనే మనిషే లేనట్టు, దీపను పక్కన కూర్చోమని, పిల్లవాడికి నోట ఏమీ పెట్టొద్దని మెల్లగా చెప్పింది.

ముత్తవ్వ తలుపు దాకా నడిచింది. ఏం అడగాలో ఆమెకు తెలుసు, జవాబు కూడా తెలుసు. అయినా ఆ జవాబు తన చెవితో వినకుండా తప్పించుకోవడం ఇక ఆమె వల్ల కాలేదు.

"రాణి. ఆ పొద్దు ఏం తిన్నవే?"

"ఏం తినలే చిన్నత్తా." రాణి కళ్లు పిల్లవాడి మీదే ఉన్నాయి. "పిల్ల పాలు పడుతలేదని నేను సుత ముద్ద ముట్టలే. నాలుగు దినాలు."

"మరి వంకాయ తిన్ననన్నవ్ గద?"

"ఏం తిన్నవే, ఏం తిన్నవే అని నువ్వు అడుగుతనే ఉన్నవ్. ఊరంత నిలవడ్డది. ఏదో ఒకటి చెప్తే గనీ నన్ను లోపలికి పోనియ్యవని చెప్పిన. పిల్లను ఇంక బొంద పెట్టలే. దాని మొఖం చూసుకోవాలని చెప్పిన."

బయట అంబులెన్సు ఆగిన చప్పుడైంది. సుమయ్యా పిలిచింది. రాణి పిల్లవాణ్ణి పొదివి ఎత్తుకుంది, దీప రిపోర్టు పట్టుకుని ఆమె భుజం ఆసరా చేసుకుంది. ముత్తవ్వ చెప్పులు వేసుకోవడం మరిచి వాళ్ల వెంట రోడ్డు మీదికి వచ్చింది. దీప ఎక్కింది. పిల్లవాణ్ణి ఆమె ఒళ్లో పెట్టి రాణి ఎక్కింది. ముత్తవ్వ కూడా తలుపు పట్టుకుని కాలు ఎత్తింది.

"ఇద్దరికే జాగ ఉన్నది" అన్నాడు అంబులెన్సు మనిషి. "పిల్లగానికి ఏమైతరో వాళ్లు ఉండుండ్రి, మిగిలినోళ్లు దిగుండ్రి."

రాణి దిగబోయింది. దీప ఆమె చెయ్యి పట్టి ఆపింది. పెళ్లయిన మూడేళ్లలో అత్త మొహం చూసి మాట్లాడని పిల్ల, ఇప్పుడు సూటిగా చూసింది.

"నువ్వు బస్సుకు రా అత్తమ్మా" అంది.

తలుపు పడింది. ముత్తవ్వ ఎత్తిన కాలు కింద పెట్టి, కరీంనగర్ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పమని దారినపోయే వాళ్లను అడగడం మొదలు పెట్టింది.